తిరిగే బంతి, వాలే అక్షం

బొంగరానికి తాడు చుట్టి నేల మీదికి విసిరితే, అది మొదట కొంచెం వాలి, తిరుగుతూ నేల మీద గుండ్రంగా పరుగెడుతుంది. కాసేపటికి నిటారుగా లేచి ఒకేచోట నిలబడి తిరుగుతుంది. తిరిగే వేగం పెద్దగా తగ్గలేదు. మరి పరుగు ఎందుకు ఆగింది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరికితే, టెన్‌పిన్ బౌలింగ్ ఆటలో బరువైన బంతి పది పిన్నులను ఒక్క దెబ్బకు ఎలా పడగొడుతుందో, ఒక్కోసారి ఎందుకు పడగొట్టలేకపోతుందో కూడా అర్థమవుతుంది.

బస్తర్ ఆటల్లో రెండు పాఠాలు

ఛత్తీస్‌గఢ్‌లో బొంగరాన్ని 'భౌంరా' అంటారు. మన ఏడుపెంకులాట లాంటి ఆటకు అక్కడి పేరు 'పిట్టుల్'. 2022 అక్టోబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన 'ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్'లో ఆ ఏడాది జరిగిన 14 ఆటల్లో ఈ రెండూ ఉండేవి. భద్రాచలం అడవులు దాటితే వచ్చే బస్తర్ ప్రాంతంలో బౌలింగ్ బాటను చూసిన పిల్లలు బహుశా తక్కువే. అయినా బౌలింగ్‌లోని రెండు ముఖ్య సమస్యలూ ఈ ఆటల్లోనే ఉన్నాయి. తిరిగే వస్తువు నేలను ఎలా పట్టుకుంటుందన్నది భౌంరా చెబుతుంది. పేర్చిన వస్తువులను బంతి ఎలా చెదరగొడుతుందన్నది పిట్టుల్ చెబుతుంది.

నేలను పట్టేది ఏ భాగం?

తిరిగే ప్రతి వస్తువుకూ ఒక భ్రమణాక్షం ఉంటుంది. తిరగలిని చూడండి. నడుమ ఉన్న మేకు చోటు మారదు. అంచు మాత్రం వేగంగా చుట్టూ తిరుగుతుంది. అంటే అక్షం మీద ఉన్న బిందువుకు వేగం ఉండదు. అక్షానికి దూరంగా పోయేకొద్దీ వేగం పెరుగుతుంది.

బొంగరం నిటారుగా ఉన్నప్పుడు దాని మేకు మొన సరిగ్గా అక్షం మీదే ఉంటుంది. కనుక అది నేలను ఒక పక్కకు రాయదు. వాలినప్పుడు మాత్రం మొనలోని పక్కభాగం నేలను తాకుతుంది. ఆ భాగానికి వేగం ఉంది కాబట్టి ఘర్షణ పుట్టి బొంగరాన్ని పరుగెత్తిస్తుంది. బొంగరాన్ని నెమ్మదిగా నిటారుగా లేపేది కూడా ఈ ఘర్షణే.

ఇప్పుడు బంతి సంగతి చూద్దాం. అక్షం నేలకు సమాంతరంగా ఉంటే బంతి అడుగుభాగం అక్షానికి అత్యంత దూరంలో ఉంటుంది. అది నేలను బలంగా పట్టుకుంటుంది. అక్షం నిటారుగా ఉంటే అడుగుభాగం అక్షం మీదే ఉంటుంది. బంతి ఎంత వేగంగా తిరిగినా ఆ తిరుగుడు దాని దారిని మార్చలేదు. అక్షం నేలకు సమాంతర స్థితి నుంచి ఎన్ని డిగ్రీలు పైకి లేచిందో, దానినే 'అక్షం వాలు' అంటారు.

లెక్క సులభమే. తిరుగుడు వేగాన్ని వాలు కోణపు కొసైన్‌తో గుణిస్తే నేలను పట్టే భాగం వస్తుంది. నిమిషానికి 300 సార్లు తిరిగే బంతిని తీసుకోండి. వాలు 15 డిగ్రీలైతే 290 చుట్లు పనికి వస్తాయి. 30 డిగ్రీలైతే 260. 60 డిగ్రీలైతే 150 మాత్రమే. 90 డిగ్రీల దగ్గర అది సున్నా! బంతి బొంగరమై కూర్చుంటుంది.

బాట మీద బంతి ప్రయాణం

బంతి వదిలే గీత నుంచి మొదటి పిన్ను వరకు బాట పొడవు 18.29 మీటర్లు, వెడల్పు సుమారు 105 సెంటీమీటర్లు. బాట ముందుభాగంలో పలుచగా నూనె పూస్తారు. అక్కడ ఘర్షణ తక్కువ కాబట్టి బంతి జారుతూ పోతుంది. నూనె దాటాక పొడి చెక్క తగలగానే, పక్కకు ఉన్న తిరుగుడు నేలను పట్టి బంతిని వంపు తిప్పుతుంది. చివరకు జారడం పూర్తిగా ఆగి బంతి దొర్లుతుంది. ఆపైన దారి వంగదు.

వాలు ఎక్కువైతే పట్టు తక్కువై బంతి ఎక్కువ దూరం జారుతుంది, ఆలస్యంగా, కొద్దిగా మాత్రమే వంగుతుంది. అలాగని వాలు బొత్తిగా లేకపోవడమూ అన్నివేళలా మంచిది కాదు. నూనె ఆరిన బాట మీద అటువంటి బంతి తొందరగా దొర్లుడులో పడి, పిన్నులను చేరక ముందే వంపును కోల్పోతుంది. నేర్పరి అయిన ఆటగాడు బాటను బట్టి వాలును మార్చుకుంటాడు.

చెయ్యి చేసే పని

బంతికి మూడు రంధ్రాలుంటాయి. ఒకటి బొటనవేలికి, రెండు నడిమి వేళ్ళకు. వదిలేటప్పుడు మొదట బొటనవేలు బయటికి రావాలి. వెంటనే మిగిలిన రెండు వేళ్ళు బంతిని కింది నుంచి పక్కగా ఎత్తుతూ వదలాలి. అరచెయ్యి బంతి వెనుక, అడుగున ఉంటే అక్షం పడుకొని ఉంటుంది. కొత్తవారు బంతిని బాగా తిప్పాలన్న ఆత్రంలో చేతిని బంతి మీదికి తెచ్చి, డబ్బా మూత తిప్పినట్టు తిప్పుతారు. అప్పుడు అక్షం నిటారవుతుంది. శ్రమంతా నేలకు అందకుండా పోతుంది.

పది పిన్నుల లెక్క

కుడిచేతివాటం ఆటగాడు బంతిని 1, 3 పిన్నుల నడుమ సందులోకి పంపుతాడు. చక్కని దెబ్బలో బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్నులనే: 1, 3, 5, 9. మిగిలిన ఆరింటినీ పిన్నులే పడగొట్టుకుంటాయి. ఒకటో పిన్ను రెండును, అది నాలుగును, అది ఏడును పడగొడుతుంది. మూడు ఆరును, ఆరు పదిని కొడుతుంది. అయిదు ఎనిమిదిని పడేస్తుంది.

ఇది జరగాలంటే బంతి సుమారు 6 డిగ్రీల కోణంలో లోపలికి రావడం మేలు. బాట అంచు నుంచి తిన్నగా వేసిన బంతికి ఈ కోణం ఒకటిన్నర డిగ్రీకి మించి రాదు. బంతి గరిష్ఠ బరువు 7.26 కిలోలు, పిన్ను బరువు సుమారు 1.5 కిలోలు. బంతి అంత బరువైనదైనా మొదటి పిన్నును తాకగానే కొంత పక్కకు తొలగుతుంది. ప్రవేశకోణం చాలకపోతే ఈ తొలగుడు వల్ల అయిదో పిన్నో, పదో పిన్నో నిలబడిపోతుంది. వంపు చాలినంత ఉంటే బంతి తొలగినా అయిదును తప్పదు.

పిట్టుల్‌లో దీనికి విరుద్ధం జరుగుతుంది. అక్కడ బంతి తేలిక, రాళ్ళు బరువు. అందుకే బంతే వెనక్కి ఎగిరి పోతుంది.

బొంగరాన్నే ఆయుధం చేసుకున్నవారు

తైవాన్ ఆటగాళ్ళు అక్షాన్ని దాదాపు నిటారుగా నిలిపి, 4.5 నుంచి 5.5 కిలోల తేలిక బంతిని బొంగరంలా తిప్పి వేసే పద్ధతికి పేరు తెచ్చారు. వారి బంతి దాదాపు వంగదు. కనుక నూనె ఎక్కడుందన్న బాధ తక్కువ. మొదటి పిన్నును తాకి తేలిక బంతి బాగా పక్కకు తొలగుతుంది. ఆ తొలగుడుతోనే పిన్నులు ఒకదాని మీద ఒకటి వరుసగా ఒరుగుతాయి. ఇతరులకు లోపమైనది వీరికి సాధనమైంది.

మీరే చేసి చూడండి

గచ్చు మీద పలుచగా ముగ్గుపిండి చల్లండి. గట్టి రబ్బరు బంతిని మూత తిప్పినట్టు తిప్పి ముందుకు వదలండి. అది దాదాపు తిన్నగా పోతుంది. తరువాత అడుగు నుంచి పక్కకు ఎత్తుతూ తిప్పి వదలండి. దారి వంగడం పిండి మీద కనిపిస్తుంది. బంతికి అంటిన పిండి వలయాన్ని కూడా చూడండి. వలయం పెద్దదైతే వాలు తక్కువ, చిన్నదైతే వాలు ఎక్కువ.

క్రికెట్‌లోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. అక్షం నిటారుగా ఉన్న స్పిన్ బంతి గాలిలో పక్కకు జరుగుతుంది గాని, నేలను తాకాక తిరగదు. ఈసారి టీవీలో స్పిన్నర్ బంతిని నెమ్మదిగా చూపినప్పుడు సీము ఎటు తిరుగుతోందో గమనించండి. పిచ్ మీద పడక ముందే ఆ బంతి తిరుగుతుందో లేదో మీరు చెప్పగలుగుతారు.