పూరికప్పు నాటకశాలకు వచ్చిన పరదేశి

1599వ సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీ. లండన్ నగరంలో బస చేసియున్న కొందరు పరదేశులు మధ్యాహ్న భోజనం ముగించుకొని, ఇంచుమించు రెండు గంటల వేళ థేమ్స్ నది దాటి దక్షిణపు గట్టుకు చేరినారు. ఆ గట్టు నగరపాలకుల అదుపాజ్ఞలకు చాలవరకు వెలుపలిది. ఎలుగుబంటిని గుంజకు కట్టి దానిమీదికి వేటకుక్కలను ఉసికొల్పే వినోదశాలలు, సారాయి అంగళ్ళు, నాటకశాలలు, పెద్దమనుషులు బహిరంగంగా మెచ్చుకొనలేనివీ చాటుగా మానుకొనలేనివీ అన్నీ అక్కడనే ఉండేవి. వచ్చినవారిలో ఒకడు ఇరువది అయిదేండ్ల యువకుడు. వైద్యవిద్య అభ్యసించినవాడు. పేరు థామస్ ప్లాటర్; ఊరు స్విట్జర్లాండులోని బాజెల్. ఆనాడతడు పూరికప్పు వేసిన ఒక కట్టడంలో కూర్చుండి రోమను వీరుడు జూలియస్ సీజరు కథను నాటకంగా చూచినాడు.

ఆ నాటకాన్ని గురించి అతడు తన యాత్రాచరిత్రలో వ్రాసికొన్నది నాలుగైదు పంక్తులకు మించదు. ఆట చాల చక్కగా సాగినదట. ఆడినవారు పదిహేనుమంది దాకా ఉన్నారట. కథ ముగిసిన పిమ్మట ఇద్దరు పురుషవేషాలతోను, ఇద్దరు స్త్రీవేషాలతోను కలిసి అత్యద్భుతంగా నృత్యం చేసినారట. అంతే! బ్రూటసు ఊసు లేదు. శవం ప్రక్కన నిలిచి ఆంటోనీ చేసిన ప్రసంగం లేదు. నాటకకర్త పేరు అసలే లేదు. పరీక్షలో ఇటువంటి సమాధానం వ్రాసిన విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడైనా ఎన్ని మార్కులు వేస్తాడో వేరే చెప్పనక్కరలేదు.

కాని ఆ నాలుగైదు పంక్తులు నేడు షేక్స్‌పియర్ పండితులకు పెన్నిధి. ఎందుకంటే, ఆ నాటకం తొలి సంవత్సరంలో దానిని కన్నులారా చూచి కాగితంమీద పెట్టిన ప్రేక్షకుడు ఇతడు తప్ప మరొకడు మనకు దొరకలేదు. 'జూలియస్ సీజర్' అచ్చైనది 1623లో. అప్పటికి షేక్స్‌పియర్ మరణించి ఏడేండ్లు. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ అనే ఆయన షేక్స్‌పియర్ నాటకాలను పేర్కొంటూ వ్రాసిన పట్టికలో దీని పేరు కనబడదు. కాబట్టి ఈ నాటకం పుట్టుక 1599 ప్రాంతమని నిర్ణయించడానికి ఈ పరదేశి సాక్ష్యమే ముఖ్యమైన ఆధారం. మన పాఠశాలల్లో, కళాశాలల్లో ఎన్నో తరాలవారు వల్లెవేసిన నాటకమిది. వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1870ల నాటికే దీనిని 'సీజరు చరిత్రము' పేర తెనిగించినారు.

ప్లాటరు నాటకశాల పేరు కూడ చెప్పలేదు. పూరికప్పు ఇల్లు అని మాత్రమే అన్నాడు. ఆ గట్టుననే ఉండిన 'రోజ్' నాటకశాలకు కూడ పూరికప్పే. అందువల్ల ఇతడు చూచినది 'గ్లోబ్' అవునా కాదా అని శంకించినవారు లేకపోలేదు. అయినా పండితులలో ఎక్కువమంది గ్లోబ్ అనే అంగీకరించినారు. ఆ గ్లోబ్ అప్పటికి సరికొత్తది. దాని కలప మాత్రం పాతది. నగరానికి ఉత్తరపు దెసను 1576లో జేమ్స్ బర్బేజి కట్టించిన నాటకశాల ఒకటి ఉండేది. స్థలం యజమానితో కౌలు తగవు తెగక, 1598 డిసెంబరు చివరి చలిరోజుల్లో నటబృందంవారు వడ్రంగిని వెంటబెట్టుకొని వెళ్ళి ఆ కట్టడాన్ని ఊడదీసినారు. ఆ దూలాలే నది దాటి గ్లోబ్‌కు స్తంభాలైనవి. నేల పరులదైనా మ్రాను తమదే అన్నది వారి వాదం.

ఈ ప్లాటరు ఎవరో కొంత తెలిసికొనడం అవసరం. అతని తండ్రి పేరు కూడ థామస్ ప్లాటరే. ఆయన ఆల్ప్స్ కొండల్లో మేకలు కాచిన బీదబాలుడు. చదువు కోసం ఊరూరా బిచ్చమెత్తి తిరిగినాడు. త్రాళ్ళు పేనుతూ పొట్టపోసికొని లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చినాడు. కాల్విను మతగ్రంథాన్ని 1536లో మొదట అచ్చువేసిన ముద్రాపకులలో ఒకడు. తుదకు బాజెల్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై ముప్పదేండ్లకు పైగా పనిచేసినాడు. తన విద్యార్థులచేత నాటకాలు కూడ ఆడించినాడు. డెబ్బదియేండ్లు దాటిన తరువాత రెండవ వివాహం వల్ల కలిగిన కుమారుడే మన యాత్రికుడు. తండ్రి 1582లో గతించగా, తనకంటె ఇంచుమించు నలుబదేండ్లు పెద్దవాడైన సవతి అన్న ఫీలిక్స్, ఆనాటి ప్రఖ్యాత వైద్యుడు, ఇతనిని పెంచినాడు. అన్న చదివిన మోంపెల్యేలోనే తమ్ముడూ వైద్యం చదివినాడు. చదువు ముగిసిన పిమ్మట దేశాలు చూడవలెనని బయలుదేరి, 1599 శరత్కాలంలో ఇంగ్లండు చేరి, ఇంచుమించు నెల దినాలు అక్కడ గడిపినాడు.

జర్మన్ అతని మాతృభాష. ఫ్రెంచి, లాటిన్ చదువువల్ల అబ్బినవి. ఇంగ్లండులో అడుగుపెట్టిన కొద్ది దినాలకే నాటకశాలకు వెళ్ళినవాడు. అందులోని ఇంగ్లీషు పద్యాలు అతనికి ఎంతవరకు బోధపడియుంటవో ఊహించుకొనవచ్చును. సీజరు కథ బళ్ళో లాటిన్ చదివినవాడెవడికైనా తెలిసినదే కనుక, రంగంమీద ఎవరెవరిని పొడుస్తున్నారో గుర్తుపట్టి ఉంటాడు. సంభాషణల సొగసు మాత్రం చెవి ప్రక్కనుండి జారిపోయి ఉండాలి.

చెవికి అందని లోటును అతడు కన్నులతో పూడ్చుకొన్నాడు. లండనులో రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు రెండుచోట్లనో మూడుచోట్లనో నాటకాలు పోటీపడి ఆడుతున్నవనీ, బాగుగా ఆడినవారికే జనం ఎక్కువనీ వ్రాసినాడు. దీపాల ప్రసక్తి లేదు; పట్టపగలు ఆకాశం క్రింద ఆట. పెట్రోమాక్సు దీపాల వెలుగున తెల్లవార్లూ పద్యనాటకం చూచిన తెలుగు ప్రేక్షకునికి ఇది వింతగా తోస్తుంది గాని, తరువాతి సంగతి చదివితే సొంత ఊరికి వచ్చినట్లే ఉంటుంది. రంగం ఎత్తైన అరుగు. దాని ముందు నేలమీద నిలుచుండి చూచేవాడు ఒక పెన్నీ ఇస్తే చాలును. కూర్చుండ దలచినవాడు మరొక ద్వారం వద్ద మరొక పెన్నీ ఇవ్వవలెను. మెత్తలు పరచిన చోటు కావలెనంటే ఇంకొక ద్వారం, ఇంకొక పెన్నీ. అక్కడ కూర్చుంటే నాటకం చక్కగా కనబడడమే కాదు, కూర్చున్నవాడు పదిమందికీ కనబడతాడని కూడ ప్లాటరు గ్రహించినాడు. మన డేరా నాటకాల్లో నేల, బెంచి, కుర్చీ అనే తరగతులకూ దీనికీ పేర్లలోనే భేదం. ముందువరుస కుర్చీలో మెడ నిక్కించుకొని కూర్చున్న పెద్దమనిషి అక్కడా ఉన్నాడు. ఒక పెన్నీ అంటే ఆనాడు సామాన్యమైన రొట్టె ఒకదాని వెల. ఆట మధ్యలో తినుబండారాలు, పానీయాలు జనం నడుమ త్రిప్పి అమ్మేవారట.

అతని చూపు వేషధారుల దుస్తులమీద ఇంకను ఎక్కువగా నిలిచినది. అంత ఖరీదైన పట్టుబట్టలు నటులకు ఎక్కడివి? కారణం అడిగి తెలిసికొన్నాడు. ఆ దేశంలో ప్రభువులు చనిపోతూ తమ దుస్తులలో మేలైనవాటిని సేవకులకు వ్రాసియిస్తారట. అవి ధరించడం సేవకునికి తగదు. ఏ అంతస్తువాడు ఏ బట్ట కట్టవలెనో శాసనాలుండిన కాలమది. అందుచేత సేవకులు వాటిని నటులకు కొద్ది సొమ్ముకు అమ్ముకొంటారు. నిజమైన ప్రభువు ఒంటిమీది అంగీ చివరకు వేషాల ప్రభువు ఒంటిమీదికి చేరుతుందన్నమాట. నటుల లెక్కలలో బట్టలకు ఎంత విలువ ఉండేదో మరొక ఆధారం చెబుతుంది. 1603లో థామస్ హేవుడ్ వ్రాసిన ఒక నాటకానికి అతనికి ముట్టినది ఆరు పౌనులు. అదే నాటకంలో నాయిక ధరించే నల్ల మఖమలు గౌనుకు అయినది ఆరు పౌనుల పదమూడు షిల్లింగులు. కవి కంటె దర్జీయే అధికుడు!

ఆ గౌను తొడిగినది మగపిల్లవాడే. లండను రంగస్థలంమీద ఆనాడు స్త్రీలు ఎక్కలేదు. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచిన తరంవారికి ఇందులో వింత ఏమీ లేదు. ప్లాటరు కూడ ఆశ్చర్యపడలేదు. స్త్రీవేషంలో ఇద్దరు నర్తించినారని వ్రాసి ఊరుకున్నాడు. హత్యలతో, యుద్ధంతో, ఆత్మహత్యలతో ముగిసిన విషాదాంత నాటకం వెంట నృత్యమేమిటని మనకు తోచవచ్చును. అది అక్కడి ఆచారమని అతడే అంటున్నాడు. పుస్తకంలో 'జూలియస్ సీజర్' చదివినవారికి ఈ నృత్యం ఉన్నట్లే తెలియదు. బ్రూటసు శవాన్ని ఎత్తుకొనిపోయిన క్షణం తరువాత ఆ మూడువేలమంది జనం ఏమి చూచి ఇంటికి పోయినారో అచ్చుపుస్తకం చెప్పదు.

భాష తెలిసిన ప్రేక్షకుడు ఏమి వ్రాసికొనేవాడో చూడడానికి మరొక మనిషి ఉన్నాడు. సైమన్ ఫోర్మన్ అనే లండను జ్యోతిష్కుడు 1611లో గ్లోబ్‌లో 'మాక్బెత్', 'ది వింటర్స్ టేల్' మొదలైన నాటకాలు చూచి కథలు వ్రాసిపెట్టుకొన్నాడు. పేర్లు, సంఘటనలు చాలవరకు ఉన్నవి. ఒక నాటకంలోని టక్కరి దేశదిమ్మరిని చూచి, ఇటువంటి దొంగ బిచ్చగాండ్రను నమ్మరాదని తనకు తానే హెచ్చరిక చేసికొన్నాడు. కాని అదే నాటకం చివర శిలావిగ్రహంగా నిలిచిన రాణి కదలివచ్చే దృశ్యం, ప్రేక్షకుని ఊపిరి బిగబట్టించే ఘట్టం, అతని కాగితంలో లేదు. నాటకశాల ఎట్లున్నదో, నటులు ఏమి ధరించినారో, ఎంత చెల్లించినాడో ఒక్క ముక్కయినా లేదు. తన ఊరి నాటకశాలను వర్ణించుకొనే అవసరం ఎవరికి తోస్తుంది? ఆనాటి నాటకశాల లోపలి భాగానికి మనకు మిగిలిన ఒకే ఒక చిత్రం కూడ పరదేశి గీసినదే. యూట్రెక్టువాడైన యోహనెస్ డి విట్ 1596 ప్రాంతంలో 'స్వాన్' నాటకశాలను చూచి గీసినాడు. అతని మూలచిత్రం పోయినది, మిత్రుడు ఎత్తివ్రాసికొన్న ప్రతి 1888లో బయటపడినది. ఊరివారికి కనబడనిది పొరుగూరివానికి కనబడినది.

ప్లాటరు గుర్తుంచుకొన్న ఆ పూరికప్పే గ్లోబ్‌కు యముడైనది. 1613 జూన్ 29న ఎనిమిదవ హెన్రీ రాజు నాటకంలో ఫిరంగి ప్రేల్చగా నిప్పురవ్వ కప్పుమీద పడి నాటకశాల అంతా బూడిదయినది. ఒకని లాగుకు నిప్పంటుకొంటే సీసాలోని బీరుతో ఆర్పినారని ఆనాటి ఉత్తరమొకటి తెలుపుతున్నది. మరుసటి సంవత్సరం తిరిగి కట్టినప్పుడు పెంకులు వేసినారు. ఆ చోటికి సమీపంలో 1997లో తెరచిన నేటి గ్లోబ్‌కు మరల పూరికప్పే వేసినారు. ఈసారి దానిపై నీటి గొట్టాలు అమర్చినారు.

ఇంగ్లీషువారు దేశాలు తిరగడం తక్కువనీ, పరదేశాల సంగతులు ఇంటిపట్టున ఉండి నాటకశాలల్లోనే తెలిసికొంటారనీ ప్లాటరు ఒకచోట వ్రాసినాడు. వేల మైళ్ళు గుర్రంమీదా కాలినడకనూ తిరిగినవాని నోట ఈ మాట మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చడం కష్టం. ఇంగ్లీషువారు నాటకంలో తెలిసికొన్న పరదేశి ఎట్టివాడో అతనికి మరొకనాడు అనుభవానికి వచ్చినది.

అది తన బసకు దగ్గరలో, బిషప్స్‌గేట్ శివారున చూచిన రెండవ నాటకం. చూచినది ఏ నాటకశాలలోనో నేటికీ పండితులు వాదులాడుకొంటున్నారు. 'కర్టెన్' అన్నది ఒక ఊహ. అందులో ఒక కన్యకోసం పలుదేశాలవారితో ఒక ఇంగ్లీషువాడు తలపడతాడు. అందరినీ ఓడిస్తాడు, జర్మనువానిని తప్ప. జర్మనువాడు పిల్లను గెలుచుకొని ఆమె ప్రక్కన కూర్చుండి, తన నౌకరుతో కలిసి ఒళ్ళు తెలియనంతగా త్రాగుతాడు. మత్తెక్కిన నౌకరు చెప్పు తీసి యజమాని తలమీదికి విసురుతాడు. ఇద్దరూ నిద్రపోతారు. ఇంగ్లీషువాడు మెల్లగా డేరాలో దూరి కన్యను ఎత్తుకొనిపోతాడు.

జర్మను భాష మాట్లాడే ప్రేక్షకుడు ఒకడు తమ నడుమ కూర్చున్నాడని ఆ నటులకు తెలియదు. జనం కడుపుబ్బ నవ్వియుండాలి. అతడు నొచ్చుకొన్నట్లు ఎక్కడా వ్రాయలేదు. ఆట చివర ఇంగ్లీషు, ఐరిషు పద్ధతుల నృత్యం బహు సొగసుగా ఉన్నదని మాత్రం వ్రాసినాడు. సీజరు కథను నాలుగు ముక్కలలో తేల్చినవాడు ఈ ప్రహసనాన్ని ఆది నుండి అంతం వరకు చెప్పినాడు. త్రాగుబోతు నౌకరుకు భాషతో పనిలేదు గదా!

స్వదేశం చేరిన కొన్నేండ్లకు అతడు ఈ యాత్రను సాపుప్రతిగా వ్రాసిపెట్టినాడు. నాటకశాలల భాగం 1899లో, సరిగా మూడువందల ఏండ్లకు, గుస్తావ్ బింజ్ అనే పండితుడు అచ్చువేయించే వరకు లోకానికి తెలియలేదు. 'జూలియస్ సీజర్' అతడు చూడకపోయినా మనకు మిగిలేదే. బిషప్స్‌గేట్ నాటకం సంగతి వేరు. దాని పేరు తెలియదు, వ్రాసినవాడు తెలియడు, ఒక్క పంక్తి అయినా నిలువలేదు. ఆ నౌకరు విసిరిన చెప్పు మాత్రం ప్లాటరు కాగితంమీద ఉన్నది.