సిలికాన్-కార్బన్ బ్యాటరీ మన ఎండకు ఆగుతుందా?

ఈ మధ్య ఏ కొత్త ఫోన్ స్పెక్స్ చూసినా సిలికాన్-కార్బన్ బ్యాటరీ అని కనిపిస్తోంది. వన్‌ప్లస్ 12లో 5400 ఎంఏహెచ్ ఉంటే, వన్‌ప్లస్ 13లో 6000. ఫోన్ మాత్రం లావెక్కలేదు. మరి ఆ అదనపు చార్జ్ ఎక్కడ పట్టింది?

మామూలు బ్యాటరీలో ఆనోడ్ గ్రాఫైట్‌తో ఉంటుంది. గ్రాము గ్రాఫైట్ గరిష్ఠంగా 372 ఎంఏహెచ్ పట్టుకోగలదు. అదే గ్రాము సిలికాన్ 3500 దాకా పడుతుంది. కాకపోతే చార్జ్ ఎక్కేకొద్దీ సిలికాన్ దాదాపు నాలుగింతలు ఉబ్బుతుంది, నానబోసిన శనగలు కూడా అంత ఉబ్బవు! దిగేటప్పుడు మళ్లీ కుంచించుకుపోతుంది. రోజూ ఇదే పనైతే పగిలి పొడైపోదా మరి? 2008లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు సిలికాన్‌ను నానో తీగలుగా పెంచి చూపించారు. అంత సన్నగా ఉంటే ఉబ్బినా విరగట్లేదు. ఫోన్లలో తీగలు ఉండవు గానీ సూత్రం అదే. సన్నటి సిలికాన్‌ను కార్బన్‌లో ఇమిడ్చి, ఉబ్బడానికి చోటు వదులుతారు. అదీ గ్రాఫైట్‌లో కొద్దిగానే కలుపుతారు. అందుకే లాభం పదింతలు లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. బెల్లం గడ్డ కన్నా బెల్లం పొడి తొందరగా కరుగుతుంది కదా. అలాగే రేణువు చిన్నదయ్యేకొద్దీ ఎలక్ట్రోలైట్‌కు తగిలే ఉపరితలం పెరుగుతుంది. అక్కడ పొర కట్టి కొంత లిథియంను మింగేస్తుంది. కార్బన్ పూత దాన్ని తగ్గిస్తుంది, వేడి పెంచుతుంది. ఐఫోన్‌కు యాపిల్ చెప్పే వాతావరణ పరిమితి 0 నుంచి 35 డిగ్రీలు. కరీంనగర్‌లో మే నెల వస్తే మధ్యాహ్నం కాకముందే అది దాటిపోతుంది. ఆదిలాబాద్‌కైతే రెండు వైపులా దెబ్బే: ఎండాకాలం 45, చలికాలం రాత్రి 10 లోపు. చలిలో ఫాస్ట్ చార్జింగ్ పెడితే లిథియం ఆనోడ్ లోపలికి పోకుండా పైనే లోహంగా పేరుకునే ప్రమాదం ఉంది. అందుకే ఫోనే స్పీడు తగ్గించుకుంటుంది.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. కార్బన్ పూసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్‌ను తయారుచేసి, ఆ టెక్నాలజీని ఆల్ట్‌మిన్ కంపెనీకి ఇచ్చారు. వేడికి బాగా ఓర్చుకునే పదార్థం అది. కానీ అదే సైజులో తక్కువ చార్జ్ పడుతుంది కాబట్టి ఈ-ఆటోలకు, ఇన్వర్టర్లకు సరిపోతుంది గానీ ఫోన్లకు రాదు.

నాకు నచ్చని విషయం ఒకటుంది. ఇన్ని సైకిళ్లు వస్తుందని పెద్దక్షరాల్లో వేసే కంపెనీలు, అది ఎన్ని డిగ్రీల దగ్గరో అంత గట్టిగా చెప్పవు. మా రివ్యూలు కూడా ఏసీ గదిలోనే అవుతాయనుకోండి.

అయినా కొనమనే అంటాను. 6000 ఎంఏహెచ్‌ను సెట్టింగ్స్‌లో 80 శాతానికే ఆపినా 4800 ఉంటుంది, చాలామందికి రోజు గడిచిపోతుంది. ఫుల్ చార్జ్‌తో వేడెక్కడమే బ్యాటరీకి ఎక్కువ చేటు. బైక్ హోల్డర్‌లో ఎండకు పెట్టి, మ్యాప్స్ నడుపుతూ, పైనుంచి చార్జర్ గుచ్చడం మాత్రం మానేయండి.