మీకు తెలుసా? పాత కారుకు కొత్త రంగేస్తే ధర పడిపోవచ్చు!

హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కు దగ్గరున్న సుధా కార్స్ మ్యూజియానికి వెళ్తే బూటు, కెమెరా, క్రికెట్ బ్యాట్, బర్గర్ ఆకారాల్లో కార్లు కనిపిస్తాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్‌కెక్కిన కె. సుధాకర్, 2010లో ఈ మ్యూజియం తెరిచారు. ఎక్కువ భాగం తుక్కు సామానుతోనే చేసిన బండ్లివి. ఇక్కడ గొప్పతనమంతా రూపం మార్చడంలో ఉంది. క్లాసిక్ స్పోర్ట్స్ కారు అమ్మేవాళ్లకు మాత్రం మార్చకుండా ఉంచడమే కాసులు కురిపిస్తుంది.

● వెయ్యి కోట్ల కారు: 1955 నాటి మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హాట్ కూపే 2022 మే 5న 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. అప్పటి లెక్కన వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటే. ఇలాంటి కార్లు తయారైనవి రెండే. ఆ రెండూ అన్నేళ్లూ కంపెనీ దగ్గరే భద్రంగా ఉన్నాయి. వచ్చిన సొమ్మును యువతకు స్కాలర్‌షిప్‌లిచ్చే నిధికి కేటాయించారు.

● ముందు చూసేది నంబర్లే: అనుభవమున్న కొనుగోలుదారు మెరుపు చూసి మురిసిపోడు. బానెట్ ఎత్తి, ఇంజన్ మీది మడ్డి గుడ్డతో తుడిచి, అక్కడ కొట్టిన నంబరు చదువుతాడు. ఛాసిస్ నంబరు కూడా చూసి, రెంటినీ ఆర్సీతో సరిపోలుస్తాడు. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇప్పటికీ ఉంటే బేరం ఒక లెక్క, మధ్యలో మారిస్తే మరో లెక్క.

● వెలిసిన రంగుకూ విలువే: అమెరికాలో పేరుమోసిన పెబుల్ బీచ్ పోటీలో, పునరుద్ధరణ జోలికి పోకుండా కాపాడుకొచ్చిన కార్లకు ప్రత్యేక విభాగమే ఉంది. అసలు రంగు, అసలు సీటు తోలు ఒకసారి పోతే మళ్లీ రావు. అందుకే అమ్మే ముందు హడావుడిగా టింకరింగ్, పెయింటింగ్ చేయించడం చేతులారా నష్టపోవడమే. తుప్పు పెరగకుండా ఆపితే చాలు.

● మన ఊళ్లోనే సాక్ష్యం: పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. 1911లో ఆయన కన్నుమూయడంతో కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఈ బండిని ఉత్సవాలకే వాడారు కాబట్టి అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. తక్కువ తిరిగిన బండి, ఎవరిదో చెప్పగలిగే చరిత్ర. పాత కార్లు సేకరించేవాళ్లు ప్రాణం పెట్టేది ఈ రెంటికే.

● చట్టం కూడా అదే అంటోంది: 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకు ఇవి వర్తిస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. అమ్మకం మాత్రం నిక్షేపంగా చేసుకోవచ్చు. 90 రోజుల్లోగా అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేయాలి.

మీ ఇంటి షెడ్డులో తాతగారి కారుందా? పాత ఆర్సీ, కొన్నప్పటి బిల్లు, సర్వీసు రసీదులు, ఆ కారుతో దిగిన ఫొటోలు ఒక్క ఫైల్లో చేర్చండి. పాత ఇనుము కొనేవాళ్లకు తూకానికి వేసే ముందు, ఈ బండ్ల గురించి తెలిసినవాళ్లకు ఒక్కసారి చూపించండి. తుక్కు కింద పోయిన కారును ఎంత డబ్బు పోసినా తిరిగి తెచ్చుకోలేం.