మేకు పోయి మరమేకు వచ్చాక

మౌత్ ఆర్గాన్ బాగా వాయించేవాళ్లకి ఈ కష్టం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాలుగో రంధ్రంలోనో ఐదో రంధ్రంలోనో గాలి లోపలికి పీలిస్తే స్వరం కిందికి జారి పలుకుతుంది. తప్పు ఊపిరిది కాదు, లోపలి ఇత్తడి రీడు అలిసిపోయింది. సి శ్రుతి వాద్యంలో ఐదో రంధ్రం పీల్పు రీడు సెకనుకు సుమారు 698 సార్లు ఊగుతుంది. ఒక్క నిమిషం పలికితే 40 వేలు దాటుతుంది. అన్నిసార్లు వంగిన లోహంలో కంటికి ఆనని చీలిక పుట్టి, బిగువు సడలుతుంది.

ఈ రకం రీడు చాలా పాతది. సన్నని నాలుకకు ఒక కొస బిగించి ఉంటుంది, రెండో కొస తన కొలతకే కోసిన సందులో ఇటూ అటూ పోయి వస్తుంది, దేనికీ తగలదు. చైనావాళ్ల షెంగ్ వాద్యంలో ఈ సూత్రం వేల ఏళ్లుగా ఉంది. 1780లో క్రాట్జెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి రీడులతో అచ్చులు పలికించే గొట్టాలు చేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ బహుమతి గెలిచాడు. తర్వాత ఐరోపాలో మౌత్ ఆర్గాన్ పుట్టింది. 1857లో జర్మనీలోని ట్రోసింగెన్ ఊళ్లో మథియాస్ హోనర్ అనే గడియారాల పనివాడు వీటి తయారీ మొదలుపెట్టి, మొదటి ఏడాది 650 చేశాడు.

1896 నాటి హోనర్ మౌత్ ఆర్గాన్ మెరైన్ బ్యాండ్‌లో పియర్ చెక్కకు పైనా కిందా రెండు ఇత్తడి పలకలు, ఒక్కోదానికి పది రీడులు. పలకల్ని చెక్కకు పట్టి ఉంచినవి చిన్న మేకులు. మేకు ఊడదీస్తే పలక వంగుతుంది, చెక్కలో రంధ్రం వదులవుతుంది, అక్కడినుంచి గాలి కారుతుంది. ఒక్క రీడు పోతే వాద్యమంతా పోయినట్టే. గడియారం విప్పి బిగించడం ఎరిగినవాడి చేతిలో పుట్టిన వస్తువుకు ఈ గతి పట్టడం నాకు బాధగానే ఉంటుంది.

దాని బంధువు హార్మోనియం గతి వేరు. మన దేశపు హార్మోనియంలో ఒక్కో రీడుకు విడి చట్రం, దాన్ని పట్టే రెండు స్క్రూలు. గుజరాత్‌లోని పాలితానా రీడులకు పేరున్న ఊరు. 1885లో కడప దగ్గర మొదలై, ఇప్పుడు మా రంగారెడ్డి జిల్లా లింగంపల్లిలో కాలనీ కట్టుకున్న సురభివాళ్ల నాటకాలకి హార్మోనియమే ఊపిరి. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని గుమ్మం బయటే ఉంచినా, పద్యనాటకం ఆ పెట్టెను వదల్లేదు. ఒక రీడు మూగబోతే దాన్నొక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు కదా!

మౌత్ ఆర్గాన్‌కీ క్రమంగా ఆ భాగ్యం దక్కింది, మేకుల చోట స్క్రూలు వచ్చాయి. తెలుగులో స్క్రూని మరమేకు అంటాం, అంటే మర ఉన్న మేకు. ఆ మర వల్లే ఇప్పుడు చాలా రకాల వాద్యాలకు అదే శ్రుతి పలకల జత కొని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

మా జిల్లాలోని రావిర్యాలలో, నా వాద్యం ఐదో రంధ్రం పాడై ఈ పనికి పూనుకున్నప్పుడు నాకు తగిన స్క్రూడ్రైవర్ మొబైల్ రిపేరు దుకాణంలో దొరికింది. దాని మొన స్క్రూ తల గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి, లేదంటే గాడి అరుగుతుంది. జారిపోయిన ఒక స్క్రూ బదులు ఫోను స్క్రూ పెట్టి చూశాను. పొడవు సరిపోయింది, మర సరిపోలేదు. నా వాద్యంలో పలకల మధ్య ఉన్నది చెక్క కాదు, ప్లాస్టిక్. ప్లాస్టిక్‌లో తన దారి తానే కోసుకునే స్క్రూకి మర ఎడంగా ఉంటుంది. ఫోనుదేమో సన్నని మర, పట్టు లేక గిర్రున తిరిగింది. అందుకే పలకలతోపాటు వాటి స్క్రూలే కొనాలి.

బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పాలి. చిన్నగా టిక్కుమని పాత దారిలోకి దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. అలా చేయకపోతే అది కొత్త దారి కోస్తుంది, రెండు మూడు మార్పులకే ప్లాస్టిక్ పిండి అవుతుంది. నడిమి స్క్రూలు ముందు, చివరివి తర్వాత, అన్నీ సగం బిగించాక మళ్లీ మొదటినుంచి. బలం మునివేళ్లదే, మణికట్టుది కాదు. కింది పలక రీడులు బయటికే ఉంటాయి, వాటికి వేలు తగలకూడదు. మూత పెట్టేముందు వెలుతురుకి ఎత్తి చూస్తే సందుల్లో చిక్కిన వెంట్రుక కూడా కనిపిస్తుంది.

ఐదో రంధ్రం మళ్లీ నిండుగా పలికింది. పాత జతలో ఇంకా 19 రీడులు బాగున్నాయి, వాటిని గుడ్డలో చుట్టి దాచాను. రీడును పలకకు పట్టే రివెట్టు తీసేసి, ఆ చోట సన్నని స్క్రూ, నట్టు వేసి ఒక్క రీడునే మార్చే పనితనం ఉంది. ఇక నేర్చుకోవాల్సింది అదే.