తోడు యంత్రముగల సరకుల బండి : గుణదోష విచారము

తెలుగు పాఠములు చెప్పువానికి బండ్లతోను బ్యాటరీలతోను పనియేమి యని విద్యార్థులు కొందఱు శంకింపవచ్చును. మన కనకాలపేటలో సరకుల బండినే నమ్ముకొని బ్రతుకు కుటుంబములు కలవు. తెల్లవాఱుజామున చేపలు, రొయ్యలు, మంచుగడ్డలు. ప్రొద్దెక్కిన పిదప కొబ్బరికాయలు, కూరగాయలు, ఇటుకలు, సిమెంటు - ఇవన్నియు చిన్న బండ్లమీదనే యానామునకు వచ్చుచు పోవుచున్నవి. అట్టి బండిని వాయిదాలమీద కొనిన గృహస్థుడు కొన్ని సంవత్సరములపాటు ప్రతినెలయు అప్పు తీర్పవలసియుండును. తన పనికి తగని బండిని కొనినచో ఆ భారము ఇంటిల్లిపాదిమీదను, తుదకు పిల్లల చదువుమీదను పడును. కావున బండి యెన్నిక బడిలో చర్చింపదగిన విషయమే.

నేడు మన వీధులలో రెండు తెగల సరకుల బండ్లు కానవచ్చుచున్నవి. మొదటి తెగ ఇంధనముతో నడచునది. 2005లో టాటావారు విడుదల చేసిన 'ఏస్' బండి వచ్చినది మొదలు చిన్న వర్తకునకు గూడ నాలుగు చక్రముల బండి అందుబాటులోనికి వచ్చినది. రెండవ తెగ కేవలము విద్యుత్తుతో నడచునది. అదే సంస్థ 2022లో ఏస్ బండిని విద్యుత్తు మోటారుతో వెలువరించినది. దాని బ్యాటరీలో 21.3 యూనిట్ల విద్యుత్తు పట్టును. యూనిటనగా మన ఇంటి కరెంటు బిల్లులో లెక్కించు యూనిటే. ఒక్కసారి నింపినచో 154 కిలోమీటర్లు పోవునని పరీక్షలో తేలినట్లు వారు ప్రకటించిరి. పరీక్షా మార్గము వేఱు, గతుకుల బాట వేఱు గనుక నిత్యవ్యవహారమున అంత దూరము రాదని యెంచుకొనుట మేలు.

ఈ రెండింటి నడుమ మూడవ తెగ యొకటి కలదు. ఇందు చక్రములను త్రిప్పునది ఎల్లవేళల విద్యుత్తు మోటారే. బండిలో బ్యాటరీ యుండును. ఇంటివద్ద తీగ తగిలించి దానిని నింపుకొనవచ్చును. దానికితోడు ఒక చిన్న ఇంజనును, ఆ ఇంజనుచే తిరుగు జనరేటరును ఉండును. బ్యాటరీ తగ్గినపుడు ఆ ఇంజను మేల్కొని విద్యుత్తు పుట్టించును. ఇంజనునకును చక్రములకును నేరు సంబంధ మేమియు లేదు. ప్రయాణపు దూరమును పొడిగించుటయే దాని పని. ఈ వ్యాసమున దానిని 'తోడు యంత్రము' అని వ్యవహరింతము.

ఈ యూహ క్రొత్తది కాదు. 1900 సంవత్సరముననే ఫెర్డినాండ్ పోర్షే యను ఇంజనీరు చక్రములలోనే మోటారుల నమర్చి, చిన్న పెట్రోలు ఇంజనులచే జనరేటరులను త్రిప్పించి బండి నడపెను. మన దేశమున 1962 నుండి నడచిన డబ్ల్యూ.డి.యం.-2 డీసెలు రైలింజను సైతము ఇట్టి పద్ధతిదే. 2,600 అశ్వశక్తిగల దాని డీసెలు ఇంజను చక్రములను నేరుగా త్రిప్పదు, జనరేటరును త్రిప్పును, ఆ విద్యుత్తు మోటారులకు పోయి చక్రములను కదల్చును. అయితే రైలింజనులో బండి లాగుటకు బ్యాటరీ యుండదు. ఎంత శక్తి కావలెనో అంతయు డీసెలు ఇంజను అప్పటికప్పుడు పుట్టింపవలసినదే. మన మూడవ తెగ బండిలోనో, బ్యాటరీ నడుమ నుండుటచే ఇంజను చిన్నదైనను చెల్లును.

ఎట్లు చెల్లునో మన డెల్టావారికి సులభముగనే బోధపడును. కాలువలు కట్టివేయు దినములకు ముందు మనము మంచినీటి చెరువులను నింపుకొందుము. కాలువనుండి వచ్చు ధార సన్ననిదైనను, చెరువులో నీరున్నంతవఱకు ఊరివారందఱు ఒక్కసారిగా తోడుకొనవచ్చును. బ్యాటరీ చెరువు వంటిది. తోడు యంత్రము కాలువ వంటిది. బరువు నింపుకొని ఎదుర్లంక వంతెన యెక్కునపుడు బండి ఒక్కసారిగా ఎక్కువ శక్తి నడుగును. దానిని చెరువు తీర్చును. వంతెన దిగి సమతలమున పోవునపుడు కాలువ ఆ లోటును పూరించును. చెరువు అడుగంటిన పిదప వంతెన యెక్కవలసివచ్చినచో మాత్రము బండి నీరసించును. కావున వివేకియైన డ్రైవరు బ్యాటరీ పూర్తిగా తఱుగకముందే యంత్రమును మేల్కొల్పును.

ఇక లెక్కకు వత్తము. ధరలు మాఱుచుండును గనుక రూపాయలతో గాక యూనిట్లతోను లీటర్లతోను లెక్కింతము. సరకు నింపిన చిన్న బండి ఒక యూనిటుతో 5 కిలోమీటర్లు పోవుననుకొందము. బ్యాటరీలో వాడుకకు వచ్చునవి 18 యూనిట్లనుకొందము. అనగా 90 కిలోమీటర్లు. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి యుండును. అందు రమారమి మూడవవంతు మాత్రమే విద్యుత్తుగా మన చేతికి వచ్చును. తక్కినది వేడియై పోవును. కావున తోడు యంత్రము లీటరునకు 3 యూనిట్లు, అనగా 15 కిలోమీటర్లు ఇచ్చును. అంతే బరువు మోయు డీసెలు బండి లీటరునకు 16 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము.

కాకినాడ మనకు సుమారు 30 కిలోమీటర్లు. పోయిరాను 60 కిలోమీటర్లు, 12 యూనిట్లు. తోడు యంత్రము నిదురలేవవలసిన పనియే లేదు. రాజమహేంద్రవరము సుమారు 70 కిలోమీటర్లు. పోయిరాను 28 యూనిట్లు కావలెను. 10 యూనిట్లు తక్కువపడును. మూడు లీటర్ల పైచిలుకు ఖర్చగును. డీసెలు బండికి అదే ప్రయాణమునకు దాదాపు 9 లీటర్లు కావలెను. విశాఖపట్టణము సుమారు 180 కిలోమీటర్లు. పోయిరాను 72 యూనిట్లు. నడుమ ఎచ్చటను బ్యాటరీ నింపనిచో 54 యూనిట్లు తక్కువపడును. 18 లీటర్లు ఖర్చగును. డీసెలు బండికి ఇరువదిరెండున్నర లీటర్లు. చూచితిరా! దూరము పెరిగినకొలది లాభము సన్నగిల్లుచున్నది. బ్యాటరీ తఱిగిన పిదప ఈ బండి డీసెలు బండికంటె మెఱుగు కాదు, ఒక్కింత తీసికట్టే. ఇంజను చలనమును విద్యుత్తుగను, విద్యుత్తును మరల చలనముగను మార్చుటలో రెండు మాఱులు తరుగు కలుగును. తిన్నని రహదారిపై గేర్లపెట్టె ద్వారా నేరుగా చక్రము త్రిప్పు ఇంజనునకు అంత తరుగు లేదు.

ఆగుచు కదలుచు పోవు ఊరిబాటలలో మాత్రము పరిస్థితి వేఱు. వేగము తగ్గించునపుడు మోటారే జనరేటరుగా మాఱి, బ్రేకులలో వృథాయగు శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేర్చును. సంతలు, స్పీడుబ్రేకర్లు, బడిపిల్లలు, ఎడ్లబండ్లు గల మార్గమున ఇది మేలైన గుణము. ఘాటు రోడ్లు లేని మన సీమలో పల్లము దిగుటవలన వచ్చు లాభము మాత్రము స్వల్పమే.

బరువుమాటయు విచారింపవలెను. బ్యాటరీలో ఒక యూనిటుకు సుమారు 6 నుండి 8 కిలోల బరువుండును. రాజమహేంద్రవరము పోయివచ్చుటకు తక్కువపడిన 10 యూనిట్లను బ్యాటరీ పెంచియే తీర్చుకొనినచో, కొంత నిలువతో గలిపి అదనపు బరువు నూఱు కిలోలలోపు. తోడు యంత్రము బరువో? 2013లో బీ.యం.డబ్ల్యూ. సంస్థ వెలువరించిన ఐ-3 యను చిన్న కారులో ఈ యంత్రము సుమారు 120 కిలోలు తూగినది. కావున ఆ దూరమునకు పెద్ద బ్యాటరీయే మేలు. విశాఖపట్టణము పోయివచ్చుటకైనచో అదనముగా 60 యూనిట్ల బ్యాటరీ, అనగా 360 నుండి 480 కిలోలు మోయవలెను. ముప్పాతిక టన్ను మోయు బండిలో సగము స్థలము బ్యాటరీకే పోయినచో చేపల పెట్టెలు పెట్టుటెక్కడ? ఇచ్చట తోడు యంత్రమునకు గెలుపు. కొలత మాఱినపుడు తీర్పును మాఱునని గ్రహింపుడు.

అమెరికా దేశమున ఇట్టి వాదమే పెద్ద బండ్ల విషయమున నడచినది. అచ్చటి పికప్పు బండ్లు వెనుక పడవలను, ఇండ్లవంటి పెద్ద పెట్టెబండ్లను లాగుచు పోవును. అట్లు లాగునపుడు గాలి యడ్డు పెరిగి, కేవల విద్యుద్బండి పోగల దూరము రమారమి సగమునకు పడిపోవుటయు కలదు. ఈ చిక్కుతో పాటు బండ్ల ఖరీదును, అమ్మకముల మందగమనమును చూచి, రామ్ బండ్ల సంస్థ 2025 సెప్టెంబరులో కేవల విద్యుత్తుతో నడచు పెద్ద పికప్పును విరమించి, తోడు యంత్రముగల పికప్పునే తేదలచినది. దానికి 92 యూనిట్ల బ్యాటరీయును, మంచి పెద్ద ఇంజనును ప్రకటించిరి. 2025 డిసెంబరులో ఫోర్డువారును తమ ఎఫ్-150 లైట్నింగ్ విద్యుద్బండిని ఆపి, తరువాతి బండికి తోడు యంత్రము నమర్తుమని చెప్పిరి. గాలి యడ్డు మనకును లేకపోలేదు. కోనసీమనుండి కొబ్బరి పీచు ఎత్తుగా పేర్చుకొని వచ్చు బండిని చూడుడు. తూకమునకు అది తేలికయే. గాలికి మాత్రము గోడవంటిది.

మన యానామునకే ప్రత్యేకమైన సంగతులు రెండు గలవు. ఒకటి, ఇచ్చట ఇంధనముపై పన్ను పొరుగు ఆంధ్రప్రదేశమునకంటె తక్కువగుటచే పెట్రోలు, డీసెలు చౌక. పొరుగూళ్లవారు వచ్చి టాంకులు నింపుకొనిపోవుట మన మెఱిగినదే. ఆదా చేసిన లీటరు విలువ వంతెన కావలివానికంటె మనకు తక్కువ. అందుచే బండికి పెట్టిన అధికపు ధర తిరిగి చేతికి వచ్చుటకు మన కెక్కువ కాలము పట్టును. రెండవది, నాలుగు మూలల ఆంధ్రప్రదేశమే చుట్టియున్న ఊరగుటచే మన బండి నిత్యము ఎల్ల దాటక తప్పదు. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకుల బండికి చట్టప్రకారము పర్మిటు అక్కఱలేదు, మించినచో కావలెను. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము బ్యాటరీ బండ్లకు పర్మిటునుండి మినహాయింపు నిచ్చినది. ఇంజనును గూడ మోయు బండికి ఆ మినహాయింపు వర్తించునని తలంపరాదు. పన్నులోను భేదము కలదు. కేవల విద్యుద్బండిపై జీ.ఎస్.టి. 5 శాతము, ఇంజనుగల సరకుల బండిపై 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతము.

దోషములలో ముఖ్యమైనది మఱియొకటి. ఈ బండి రెండు కుటుంబముల పెండ్లివంటిది. బ్యాటరీ, మోటారు ఒకవైపు. ఇంజను, ఇంధనపు టాంకు, రేడియేటరు, పొగగొట్టము మఱియొకవైపు. మరమ్మతులు రెంటికిని కావలెను. ఇంజనును పలుమాఱు వాడకున్నను నూనె మార్పక తప్పదు. టాంకులో పెట్రోలు చిరకాలము నిలువయున్న చెడును. అందుచేతనే 2010లో అమెరికాలో వచ్చిన షెవర్లే వోల్టు కారు, ఇంధనము పాతబడినపుడు అక్కఱ లేకున్నను ఇంజనును తానే నడిపి దానిని ఖర్చు చేసెడిది. ఉప్పుగాలి వీచు మన తీరమున ఇనుప భాగము లెంత తక్కువయైన అంత మేలు.

మఱి గుణములలో ముఖ్యమైనదేమి? నమ్మకము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మన ప్రాంతమును ఎట్లు ధ్వంసము చేసినదో మీ పెద్దలు చెప్పియుందురు. స్తంభములు కూలి దినములతరబడి కరెంటు లేకపోయెను. అట్టి వేళ కేవల విద్యుద్బండి గుంజకు కట్టిన పశువువలె నిలిచిపోవును. తోడు యంత్రముగల బండి పది లీటర్ల పెట్రోలుతో నూటయేబది కిలోమీటర్లు పోయి మందులు, బియ్యము తేగలదు. విద్యుత్తును బయటికిచ్చు సౌకర్యము గూడ గలదైనచో ఆసుపత్రికి దీపము పెట్టగలదు, మంచు కరగకుండ కాపాడగలదు.

ఇంతకును తీర్పేమి? నిత్యము కాకినాడ, అమలాపురముల నడుమ తిరుగువానికి కేవల విద్యుద్బండి చాలును; వానికి తోడు యంత్రము వృథా బరువు. నిత్యము విశాఖపట్టణము పోవువానికి డీసెలు బండియే నేటికి తగినది. నెలలో ఇరువది దినములు ఊరిచుట్టును, ఐదాఱు దినములు దూరమునకును పోవువానికి మాత్రమే తోడు యంత్రముగల బండి సార్థకము. అదియు, అట్టి బండి మన విపణిలో తగిన ధరకు దొరకి, దానిని బాగుచేయు మేస్త్రీ కాకినాడలోనైన ఉన్నపుడు.

విద్యార్థులారా! మీ ఇంటనో, ఇరుగుపొరుగుననో బండి కొనదలచినవారుందురు. బండి వెంటవచ్చు పుస్తకము తెలుగున ఉండకపోవచ్చును. అమ్మువాడు చెప్పు మాటలలో గుణములే వినబడును. చదువుకొన్న మీరు వారికొక సహాయము చేయుడు. ఒక్క నెల దినములు వారి బండి ఏనాడు ఎన్ని కిలోమీటర్లు నడచినదో, ఎంత బరువు మోసినదో, ఎన్ని గంటలు ఖాళీగా నిలిచినదో తెలుగున ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. ముప్పది పంక్తుల ఆ పట్టికను ముందుంచుకొని, పైన చూపిన లెక్కను వారి ఎదుటనే వేసి చూపుడు. ఏ బండి తగినదో అప్పుడు ఆ గృహస్థుడే చెప్పగలడు.