తప్పు తమది కాదని పిల్లలకు తెలిసేదెట్లా?

బాన్సువాడ వైపు ఊళ్లలో భార్యాభర్తలు విడిపోతే, ఆ గొడవ చాలాసార్లు కోర్టుకన్నా ముందు పెద్దమనుషుల పంచాయితీకి చేరుతుంది. బంగారం, భూమి, పెళ్లి ఖర్చు లెక్కలు తేలుతాయి. పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘అమ్మ దగ్గరుంటవా, నాయిన దగ్గరుంటవా?’ ఏం చెప్పినా ఒకరిని వద్దన్నట్టే. పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. ఎవరి దగ్గర పెరగాలో కోర్టు తేల్చగలదు గానీ, పిల్లల మనసులో ఏముందో మనమే కనుక్కోవాలి.

‘నేను సతాయించినందుకే నాయిన పోయిండా? మంచిగ చదివితే మళ్లీ కలుస్తరా?’ చిన్నపిల్లలు ఇంట్లో జరిగే దానికి తామే కారణమనుకుంటారు. అమ్మ ఏడుస్తుందేమోనని ఆ మాట పైకి అనరు. మనకు కనిపించేవి కడుపునొప్పి, బడికి పోననే మొండితనం, తోటివాళ్లతో కొట్లాట.

ఇలాంటి పిల్లల కోసం అమెరికాలోని రోచెస్టర్‌లో 1982లో మనస్తత్వవేత్త జోఆన్ పెడ్రో-కారోల్ బడిలోనే బృంద కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక ఈడు పిల్లలు కొద్దిమంది, శిక్షణ పొందిన పెద్దలతో వారానికోసారి కొన్ని నెలలపాటు కూర్చుంటారు. ముందు ఆటలతో చనువు పెంచుతారు. తర్వాత చేతిబొమ్మల చేత మాట్లాడిస్తారు. సొంత బాధ బొమ్మ నోట చెప్పడం తేలిక. ఆపైన కష్టాలను తమ చేతిలో ఉన్నవి, లేనివి అని రెండుగా విడదీయడం నేర్పుతారు. అమ్మానాన్నలను కలపడం పిల్లల చేతిలో లేదు. ‘నాయిన మీది కోపం నాతో చెప్పకమ్మా’ అనడం ఉంది. ఈ తేడా తెలిస్తే మోయలేని బరువు సగం దిగుతుంది.

‘నీ తప్పేం లేదు’ అని పెద్దలంటే ఓదార్పుగా తోస్తుంది. అదే బాధ పడ్డ తోటి పిల్ల అంటే నమ్మకం కుదురుతుంది. ఇంకొకరికి ఆ మాట చెబుతూ తానూ నమ్మడం మొదలుపెడుతుంది. ఈ బృందాల్లో చేరిన పిల్లల్లో ఆందోళన తగ్గిందని, బడిలో కుదురుకున్నారని పరిశోధనల్లో తేలింది.

మన దగ్గరా బడే ఇందుకు తగిన చోటు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం, బడికి ఇద్దరు టీచర్లకు మానసిక ఆరోగ్యం మీద కూడా శిక్షణ ఇవ్వాలంటుంది. వాళ్లకు నిపుణుల తోడు దొరికితే బృందం నడపవచ్చు. అయితే దానికి ‘విడాకుల పిల్లలు’ అని పేరు పెట్టకూడదు. పిల్లను పెంచుతున్నవారి అనుమతి ఉండాలి. అక్కడి మాట ఊళ్లోకి రాకూడదు. పిల్లకు ప్రమాదముందని తెలిస్తే మాత్రం దాచకూడదు. ఇంట్లో దెబ్బలు చూసిన పిల్లలకు, చనిపోతానంటున్న పిల్లలకు బృందం చాలదు, విడిగా వైద్యం కావాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416, పిల్లల సహాయవాణి 1098 ఉచితంగా పలుకుతాయి.

బృందంలో ఎంత నేర్చుకున్నా, ఇంటికి రాగానే ‘మీ నాయిన ఏమన్నడు, ఎంత పంపుతడట’ అని ఆరా తీస్తే బరువు మళ్లీ పిల్ల మీదే పడుతుంది. డబ్బు సంగతి, కోర్టు వాయిదా సంగతి పెద్దలు పెద్దలతోనే తేల్చుకోవాలి. విడిపోయిన తల్లిదండ్రులు ఇప్పటికీ కలిసి చేయగల మేలు ఇది.