అచే, ఇస్తాంబుల్: సముద్రాల మీదుగా సాగిన దౌత్యం

రెండు దేశాల నడుమ గల దూరాన్ని మైళ్లలో కొలవవచ్చు. వాటి మైత్రిని కొలవాలంటే మాత్రం ఆపద వేళ ఎవరు ఎవరి తలుపు తట్టారో చూడాలి. సుమత్రా ద్వీపపు ఉత్తర కొసన వెలసిన అచే సల్తనతుకూ, ఇస్తాంబుల్‌లోని ఉస్మానియా దర్బారుకూ నడుమ సాగిన సంబంధం ఇందుకు చక్కని నిదర్శనం.

1511లో పోర్చుగీసువారు మలక్కాను జయించారు. హిందూ మహాసముద్రంలో తిరిగే వర్తక నౌకలు తమ అనుమతి పత్రం తీసుకోవాలని, సుంకం చెల్లించాలని శాసించారు. పత్రం లేని ఓడలను పట్టుకునేవారు. ఫలితంగా ఎర్ర సముద్రానికి సాగే మిరియాల వర్తకంతో పాటు హజ్జ్ యాత్ర కూడా ప్రమాదంలో పడింది. మలక్కాను విడిచిన ముస్లిం వర్తకులు పలువురు అచే చేరారు. ఆ రేవు వర్ధిల్లింది. తరువాతి కాలంలో మన మచిలీపట్నం నుండి నూలు వస్త్రాలు మోసుకుపోయే ఓడలకూ అది ముఖ్యమైన మజిలీ అయింది.

అచే సుల్తాను అలావుద్దీన్ రిఆయత్ షా 1560ల్లో ఇస్తాంబుల్‌కు రాయబారులను పంపి ఫిరంగులు, వాటిని పోతపోసే నిపుణులు కావాలని కోరాడు. 1566లో సుల్తాన్ సులైమాన్ హంగేరీ దండయాత్రలో మరణించాడు. రాయబారులు నిరీక్షిస్తూ కానుకగా తెచ్చిన మిరియాలు అమ్ముకుని కాలం గడిపారని, చివరకు ఒక చిన్న కొలత మిరియాలే మిగిలాయని అచే ప్రజలు నేటికీ చెప్పుకుంటారు. ఇది జనశ్రుతి.

1567లో సుల్తాన్ సలీం పదిహేను యుద్ధనౌకలను పంపవలసిందిగా ఫర్మానా జారీ చేశాడు. కాని యమన్‌లో తిరుగుబాటు చెలరేగడంతో ఆ నౌకాదళాన్ని అటు మళ్లించవలసి వచ్చింది. అచేకు అందినది స్వల్ప సహాయమే. 1568లో అచే సైన్యం మలక్కాను ముట్టడించింది గాని జయించలేకపోయింది.

అయితే ఈ దౌత్యం నిష్ఫలమైందా? కాదు. ఫిరంగుల విద్య అచేలో వేళ్లూనింది. మిరియాల ఓడలు మళ్లీ ఎర్ర సముద్రం చేరసాగాయి. లోపం మరొక చోట ఉంది. ఆ సంబంధాన్ని నిరంతరం పోషించే ఏర్పాటు లేకపోయింది. 1873లో డచ్చివారు అచేపై దండెత్తినప్పుడు అచే దూత ఇస్తాంబుల్ చేరి పాత బంధాన్ని గుర్తుచేశాడు. బలహీనపడిన ఉస్మానియా ప్రభుత్వం మధ్యవర్తిత్వం వహిస్తామనడం మినహా మరేమీ చేయలేకపోయింది. డచ్చివారు దానినీ తిరస్కరించారు.

2004 డిసెంబరు 26న సునామీ అచేను ముంచెత్తింది. లక్షా అరవై వేలకు పైగా ప్రజలు మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆ సమయాన టర్కీ రెడ్ క్రెసెంట్ సంస్థ, పూర్వం తురుష్కులు నివసించిన బితాయి గ్రామంలో ఇళ్లు నిర్మించి ఇచ్చింది. అక్కడ పాత తురుష్కుల సమాధులు నేటికీ ఉన్నాయి.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ మాయిదా అధ్యాయం ఒడంబడికలను నెరవేర్చమనే ఆదేశంతోనే ఆరంభమవుతుంది. ఆ ఆదేశం రాజ్యాలకూ వర్తిస్తుంది. అచే చరిత్ర చెప్పే గుణపాఠం కూడా ఇదే: ఆపద వచ్చాక స్నేహితుణ్ణి వెదకడం కన్నా, రాకముందే స్నేహాన్ని నిలుపుకోవడం మేలు. యుద్ధనౌకలు దారి మళ్లవచ్చు. రాకపోకలు మాత్రం ఆగకూడదు.